నా బండి వెనక సీటు మీద ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాకా

పటాన్‌చెరు శాఖా గ్రంథాలయంలో యాత్రల పుస్తకాలకు కిటికీ పక్కన ఒక అర ఉంది. అందులో ఉన్నవన్నీ నేను చదివాను. కాశీకి నడిచి వెళ్లినవాళ్లు, మంచుకొండలు ఎక్కినవాళ్లు, ఓడల్లో సముద్రాలు దాటినవాళ్లు అందరూ అక్కడ ఉన్నారు. బీరంగూడ నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు వెళ్లి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆ దారిన రోజూ వేలమంది బండ్ల మీద పోతారు. పోయేవాళ్లు రాయరు. రాసేవాళ్లు కారు అద్దాలు ఎత్తుకుని జహీరాబాదు వైపు వెళ్లిపోతారు. అందుకే ఇది రాసి పెట్టాలనుకున్నాను.

రెండో కారణం కూడా ఉంది. రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు వేలాడేటట్టు మణికట్లు వంచి, నిమిషంపాటు అలాగే ఉంచాలి. నమస్కారాన్ని తలకిందులు చేసినట్టు ఉంటుంది. వేళ్లు తిమ్మిరెక్కితే మణికట్టులో నరం నలుగుతోందేమోనని అనుమానించి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముత్తంగి నుంచి సంగారెడ్డి దాకా టీకొట్ల దగ్గర ఆగే బండ్లవాళ్లలో చాలామందికి ఈ పరీక్ష తెలుసు. దాన్ని వాళ్లు ‘యాదగిరి నమస్తే’ అంటారు. యాదగిరి మా షడ్డకుడు, నా భార్య చెల్లెలు మంజుల భర్త. అతనికి ఆ నమస్తే నేర్పింది నేను. ఈ సంగతి ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి.

నేను బేరింగులు, బెల్టులు అమ్మే కొట్లో పనిచేస్తాను. ఏ ఫ్యాక్టరీలో మోటారు ఆగినా సరుకు తీసుకుని నా సొంత బండి మీద పరుగెత్తడం నా పని. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో ఇల్లు కట్టాడు. ప్లాంటు ఉద్యోగం నాకు రాలేదు, ఇల్లు మాత్రం వచ్చింది. బడి చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. మిగతాది గ్రంథాలయంలో పూర్తి చేసుకుంటున్నాను.

ఇరవై ఏళ్లు ఎక్సలేటరు తిప్పిన నా కుడిచెయ్యి రెండేళ్ల కిందట నిద్రలో తిమ్మిరెక్కడం మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో ఒక పక్క. చిటికెనవేలికి ఏమీ లేదు. ఈ వింత పంపకం చూసే నేను గ్రంథాలయానికి వెళ్లాను. శరీర నిర్మాణం గురించిన లావుపాటి పుస్తకంలో బొమ్మ దొరికింది. మణికట్టు ఎముకలు దొన్నెలా అమరి ఉంటాయి. దాని మీద ఒక గట్టి పట్టీ మూత వేసినట్టు ఉంటుంది. ఆ సందులోంచే వేళ్లను ఆడించే తాళ్లూ, ఒక నరమూ వెళతాయి. తాళ్ల పొరలు వాస్తే నరం నలుగుతుంది. హ్యాండిలు అదురూ, రోజంతా బిగించి ఉన్న పిడికిలీ దానికి తోడు. ఆ సందుకు కార్పల్ టన్నెల్ అని పేరు.

సరిగ్గా అప్పుడే యాదగిరికీ చెయ్యి పట్టు తప్పింది. అతను ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తాడు. పొద్దున్నే ఊళ్లోంచి పాలక్యాన్లు బండికి రెండువైపులా కట్టుకుని తెస్తాడు. ఒకరోజు క్యాను చేతిలోంచి జారి పాలు రోడ్డు పాలయ్యాయి. అత్తగారింట్లో అందరూ నరం మీద నరం ఎక్కిందన్నారు. నేను పుస్తకంలోని నమస్తే చేయించి, జబ్బు పేరు చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. అతను ఒక్క పేజీ చదవకుండా సంగారెడ్డి వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. నేను మాత్రం ఇంకో పుస్తకం చూసి నిర్ణయించుకుందామని ఆగాను. ఒకటి తర్వాత ఒకటి చదివాను. అతని చెయ్యి నయమైంది. నా చొక్కా గుండీలు నా భార్య వసంత పెట్టే రోజులొచ్చాయి.

బీరంగూడ

ఆపరేషన్‌కు రమ్మని నాకూ రోజు ఇచ్చారు. ఆ రోజుకు కుడి మణికట్టు మీద ఏమీ ఉండకూడదన్నారు. నా మణికట్టుకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి దారాలు ఉన్నాయి. ఏటా గుడికి వెళ్లినప్పుడు వసంత ఒకటి కడుతుంది. దాన్ని కత్తిరించకూడదు, అదంతట అదే తెగి పడిపోవాలి. నావి గ్రీజు తాగి తాడులా గట్టిపడ్డాయి. ఒక్కటీ తెగలేదు.

యాదగిరి ఆపరేషన్ అప్పుడు నర్సు కత్తెరతో అతని దారాలు టకటకా కత్తిరించేసింది. ఆ వారమే మా అత్తగారి గేదె పాలు ఎగ్గొట్టింది. అప్పుడే ఆవిడ తీర్మానించేసింది, పెద్దల్లుడు ముందు అమ్మవారి దగ్గర ముడి విప్పుకుని, తర్వాతే కత్తి కిందికి పోవాలని. నా ప్రయాణం ఆ విధంగా ఖాయమైంది. నేను బండి నడపలేను కాబట్టి నన్ను తీసుకెళ్లే పని యాదగిరికి అప్పగించారు. వసంత బస్సులో ముందే పుట్టింటికి వెళ్లింది.

పొద్దున యాదగిరి వచ్చి నా బండి చుట్టూ తిరిగాడు. తిమ్మిరి తెలియకుండా ఉంటుందని ఎక్సలేటరు పిడికి నేను సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంచాను.

“గిదేందన్నా, రోకలి లెక్క జేసినవ్?”

“మెత్తగా ఉంటుందని చుట్టాను.”

“లావైతే ఇంక గట్టిగ పట్టాలె గద! డాక్టరమ్మ నాకు గదే సెప్పింది.”

చాకు పెట్టి ట్యూబు ఊడదీశాడు. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. తర్వాత కిక్కు కొట్టాడు. నాకు నాలుగైదు కిక్కులకు గాని పలకని బండి, అతనికి మొదటి దానికే లేచింది. పెళ్లయి ఇన్నేళ్లు కాపురం చేశాక భార్య పొరుగాయన జోకుకు నవ్వితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

వెనక సీటు నాకు కొత్త. సొంత బండి మీద వెనక కూర్చున్నవాడికి రోడ్డు కనిపించదు, ఎదుటివాడి హెల్మెట్ కనిపిస్తుంది. గుంత వచ్చే ముందు తెలియదు, వచ్చాక తెలుస్తుంది.

పటాన్‌చెరు

కొట్టు దగ్గర ఆగి సేఠ్‌కు చెప్పి వెళదామన్నాను. సేఠ్ మంచివాడే. మోటారు ఆగిన ఫ్యాక్టరీకి మంచితనం పంపలేడు, బెల్టు పంపాలి.

“ప్రసాద్, ఎన్ని రోజులు?”

“రెండు నెలలు పట్టొచ్చు సేఠ్.”

“దో మహీనే! అప్పటిదాకా బెల్టులు నడుచుకుంటా పోతయా?” అంటూ అతని చూపు బయట బండి మీద కూర్చున్న యాదగిరి మీద పడింది. ఎవరని అడిగాడు. మా షడ్డకుడన్నాను. పిలిపించాడు. రోడ్లు తెలుసా అని అడిగాడు. యాదగిరికి ఏ ఫ్యాక్టరీకి ఏ గేటో, ఏ గేటులో ఏ సెక్యూరిటీవాడో కూడా తెలుసు. అందరూ అతని చేత నమస్తే చేయించుకున్నవాళ్లే మరి.

“పనిజేస్తవా?” అన్నాడు సేఠ్, నా ముందే.

“సూస్త సేఠ్,” అన్నాడు యాదగిరి.

లేదు అనలేదు, చూస్తానన్నాడు. నా బండి, నా గిరాకీలు, నా ఫోన్లు. పక్కన గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇచ్చి వస్తూ ఆ ఒక్క మాటే నములుతున్నాను. గ్రంథపాలకురాలు ఇందిరగారు ఇంకేమైనా తీసుకెళతారా అని అడిగితే వద్దన్నాను. పుస్తకం లేకుండా ఆ గుమ్మం దాటడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

ఇప్పుడు నాకు రెండే ప్రశ్నలు మిగిలాయి. చెయ్యి తిరిగి వస్తుందా? వచ్చేసరికి దానికి పని మిగిలి ఉంటుందా?

ఇస్నాపూర్

దూరాలు వెళ్లిన యాత్రికులు పరదేశాల తిండి గురించి రాస్తారు. దానికి ఇస్నాపూర్ చాలు. షిఫ్టు మారే వేళ అక్కడ బిహారువాళ్ల లిట్టి, ఒడిశావాళ్ల చద్దన్నం పఖాళ, మనవాళ్ల మిర్చిబజ్జి ఒకే బల్ల మీద ఉంటాయి. లిట్టి అంటే బొగ్గుల మీద కాల్చిన గోధుమపిండి ఉండ, లోపల వేపుడు శనగపిండి. వంకాయ పచ్చడిలాంటిదేదో పక్కన పెడతారు. మా అమ్మ ఉంటే ఇందులో ఇంత నెయ్యి వేసి ఉండాల్సింది అనేది. ముప్పై రూపాయలకు రెండు ఇచ్చారు. ఎడమచేత్తో తినబోతే లిట్టివాడు ముఖం చిట్లించాడు. కుడిచేత్తో తీసుకున్నాను. వేళ్లకు వేడి తెలియలేదు. నోటికి తెలిసింది.

పక్కన రుక్కమ్మ టీకొట్టు. బండి ఆగడమే ఆలస్యం, నలుగురు బండ్లవాళ్లు మూగారు. నా వైపు ఒక్కడూ చూడలేదు.

“యాదగిరన్నా, నాది సూడే జెర!”

“వారీ, నిన్ననే జూసిన గద నీది.”

“నిన్న ఎడమది సూసినవ్. ఇయ్యాల కుడిది.”

“రెండు చేతులు ఆనిస్తరు రా నమస్తేల. ఒక్క చేతితోని ఎట్ల జూస్త?”

అందరూ నవ్వారు. యాదగిరి బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరి చేత తలకిందుల నమస్తే చేయించాడు. రుక్కమ్మ టీ వడపోస్తూ లెక్క పెట్టింది. ఒకతనికి వేళ్లు తిమ్మిరెక్కాయి.

“పో, డాక్టరు తానికి. సుగర్ గూడ సూపించు. నూనె పూసుకుంట కూసోకు,” అన్నాడు యాదగిరి. ఆ ఆఖరి రెండు ముక్కలూ నేను అతనికి చెప్పినవే, నా మాటల వరుసలోనే ఉన్నాయి. యాస ఒక్కటే అతనిది.

తర్వాత అతని అరచేయి చూపించమన్నారు. మణికట్టు గీత మీద నుంచి అరచేతి మధ్య వైపు సన్నటి తెల్లటి మచ్చ. “బ్రహ్మ రాయని గీత,” అంది రుక్కమ్మ. “గీనకు ధనరేఖ డాక్టరమ్మ గీసింది.”

“రుక్కమ్మా, ఆ నమస్తే పుస్తకంలోది,” అన్నాను. ఆగలేకపోయాను.

“ఏ పుస్తకం సారూ?”

చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “అబ్బో, యాదగిరి నమస్తే పుస్తకంల గూడ పడ్డదా!” అంది. టీ పది రూపాయలు. చక్కెర ఎక్కువైంది.

అత్తగారి ఊరు

మా అత్తగారి ఊరు సంగారెడ్డికి కాస్త అవతల. ఆవిడ పేరు నర్సమ్మ. ఉన్న భూమి కౌలుకిచ్చి, రెండు గేదెలతో, ఎవరి మాటా పడకుండా బతుకుతుంది.

“రాండ్రి అల్లుడుగారూ, కూసోండ్రి,” అంది నాతో. యాదగిరితో, “ఏమాయెరా ఇంత పొద్దువొయింది? దార్ల అందరి చేతులు పట్టుకుంట వస్తున్నవా?” అని కసిరింది.

పెళ్లయిన నాటి నుంచి ఆవిడ నన్ను మీరు అంటుంది. నాకు కుర్చీ వేస్తుంది. అతన్ని కసురుతుంది, గడ్డి వేసి రమ్మంటుంది, ఉన్నట్టుండి అతని కంచంలోంచి ఉల్లిపాయ తీసి తింటుంది. కోస్తావాణ్ని కదా, గౌరవంగా చూడాలని ఆవిడ అనుకుంటుంది. ఆ కుర్చీలో కూర్చుని నేను ఆ కసుర్ల వైపు చూస్తుంటాను, పక్కింటివాళ్ల పెళ్లిభోజనం చూసినట్టు.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. మా ఇంట్లో దాన్నే గోంగూర అని పచ్చడి చేసి అన్నంలో కలుపుతాం. ఇక్కడ పప్పులో వేస్తారు, రొట్టెతో లాగించేస్తారు. రొట్టె తుంచడానికి బొటనవేలు కావాలి. నా బొటనవేలు రొట్టె మీద జారుతోంది. అది చూసి ఆవిడ లోపలికి వెళ్లి నాకు చెంచా తెచ్చింది.

“యాదగిరికి ఆపరేషన్ అయినప్పుడు అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, తెలుసా?” అంది వసంత నవ్వుతూ. తెలుసు. ఆ సంగతి నాకు చాలాసార్లు చెప్పారు. చెంచాతో రొట్టె తినడం ఎలాగో ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

మర్నాడు పొద్దున్నే గుడికి బయలుదేరాం. నేనూ యాదగిరీ బండి మీద, వసంతా అత్తగారూ ఆటోలో. గుడి ముందు కొత్త బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. పసుపు కుంకుమలు, పూలదండలు, చక్రాల కింద నిమ్మకాయలు. కొత్త బండి కొన్నవాడు ముందుగా ఇక్కడికి తెచ్చి పూజ చేయించుకుంటాడు. మా వైపు కూడా బండ్లకు పూజ చేస్తాం గాని, ఇంతమంది కొత్త చేతులను ఒకేచోట నేను ఎప్పుడూ చూడలేదు. ఒక కుర్రవాడు హ్యాండిలుకు బొట్టు పెట్టి కళ్లకద్దుకున్నాడు. వాడి పిడికిలి చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. నిమ్మకాయ చక్రం కింద పెట్టే బదులు ఆ పిడికిలిలో పెట్టాలి, వీళ్లందరికీ నమస్తే నేర్పాలి అనుకున్నాను. యాదగిరి అప్పటికే ఇద్దరికి నేర్పుతున్నాడు.

దర్శనం అయ్యాక ఒక పక్కగా కూర్చుని దారాల పని పట్టాం. కత్తెర వద్దు. ముడి విప్పాలి. వసంత ప్రయత్నించింది, ఆమె గోరు విరిగింది. అత్తగారు కొబ్బరినూనె రాసింది, ముడి జారలేదు సరికదా ఆవిడ వేళ్లు జారాయి. కొబ్బరికాయలమ్మే ఆవిడ దూరం నుంచే సలహాలు ఇచ్చింది. “పండ్లతోని కొరుకుండ్రి!” అంది. అత్తగారు ఆవిడ వైపు చూసిన చూపుకు రెండో సలహా రాలేదు.

“తే అన్నా,” అన్నాడు యాదగిరి. నా చెయ్యి తన ఒడిలో పెట్టుకున్నాడు.

చూపుడువేలు, బొటనవేలు కొసలతో ముడిని తడిమాడు. ఎక్కడ పోగు పోగు మీద ఎక్కిందో కళ్లు మూసుకుని వెతికాడు. నలుసంత పోగును గోటితో లేపి, లాగి, మళ్లీ లేపి. రెండేళ్ల కిందట పాలక్యాను పట్టుకోలేని వేళ్లు. నేను గుండీ పెట్టుకోలేను. అతను గ్రీజు పట్టిన ముడిలో పోగును తెలుసుకుంటున్నాడు. ఒక మనిషి దగ్గర ఉన్నది కావాలని అంత గట్టిగా నేను ఎప్పుడూ కోరుకోలేదు. అతని పొలం మీద, అతని యాస మీద, అత్తగారి కసుర్ల మీద నాకున్న అసూయంతా కలిపినా ఆ రెండు వేలికొసల మీద పుట్టినదానికి సరిరాదు.

మొదటి దారం ఊడింది. తర్వాత రెండోది. ఆఖరిది ఊడినప్పుడు మణికట్టు మీద తెల్లటి పట్టీలా చర్మం బయటపడింది, ఎండ ఎరగని చర్మం. వసంత దారాలను కొంగులో మూటగట్టింది.

“నాది గిట్ల విప్పెటోడు ఉంటే బర్రె పాలిచ్చేది,” అన్నాడు యాదగిరి. అత్తగారు అతని వీపు మీద ఒక్కటేసింది.

సంగారెడ్డి

గుడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ నా చెయ్యి చూసింది. నరాల పరీక్ష అంతకుముందే చేశారు, చేతికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు కొట్టి. నేను నా చదువంతా ఆమె ముందు పరిచాను. దొన్నె, మూత, తాళ్లు, నరం, నమస్తే. ఆమె ఆసక్తిగా విన్నది.

“అన్నీ సరిగ్గానే చెప్పారు. ఇంత తెలిసినవారు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చారు?”

ఆమె నా రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టింది. ఎడమచేతి బొటనవేలి మొదట్లో కండ బూరెలా ఉంది. కుడిచేతిది అణిగిపోయి ఉంది. రెండేళ్లుగా ఆ చెయ్యి నా ఎదుటే ఉన్నా, ఆ తేడా నాకు కనిపించలేదు.

“ఆపరేషన్ తర్వాత రాత్రి తిమ్మిర్లు తగ్గుతాయి, నిద్ర పడుతుంది. ఈ కండలో పట్టు ఎంత తిరిగి వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను. యాదగిరిగారు ఈ దశకు ముందే వచ్చారు.”

గది బయట యాదగిరి వార్డుబాయ్‌తో నవ్వుతూ ఏదో మాట్లాడుతున్నాడు.

మత్తు చేతికి మాత్రమే ఇచ్చారు. ముఖానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ కట్టారు. నొప్పి లేదు, ఎవరో దూరంగా నా చేతిలో గోనెసంచి కుట్లు విప్పుతున్నట్టు లాగుడు తెలిసింది. బొమ్మల్లో ఎన్నోసార్లు చూసిన ఆ మూతను నిజంగా కోసినప్పుడు చూద్దామని తల ఎత్తబోతే నర్సు నెమ్మదిగా నా నుదురు కిందికి నొక్కింది. కాసేపటికే అయిపోయింది. నన్ను రెండేళ్లు కూర్చోబెట్టిన జబ్బు, లిట్టి కాలేంత సేపట్లో.

మళ్లీ అత్తగారింట్లో

ఆ సాయంత్రం కట్టుతో అత్తగారింటికి వచ్చాం. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలన్నారు. బగారా అన్నం, కోడికూర చేశారు. చెంచా వచ్చింది. ఎడమచేత్తో చెంచా పట్టుకుని కోడిముక్క వెంటపడ్డాను. ముక్క కంచం దాటి, చాప దాటి, యాదగిరి మోకాలి మీద వాలింది.

అత్తగారు లేచి వచ్చి నా కంచం లాక్కుంది.

“ఎంతసేపు ఆడుతవ్ దానితోని? నోరు తెరువు కొడుకా.”

తెరిచాను. ముద్ద పెద్దది. కారం ఎక్కువ. కళ్లలో నీళ్లు వచ్చాయి. కారానికే అని అందరూ అనుకోవడం మంచిదే అయింది.

“నాకు గింత పెద్ద ముద్ద ఎన్నడు వెట్టలే అత్తమ్మా,” అన్నాడు యాదగిరి మోకాలు తుడుచుకుంటూ.

“నీకు నోరు పెద్దది, ముద్ద సిన్నగ కనవడ్డది.”

నేను యాదగిరి ముఖం చూశాను. అతను నవ్వుతున్నాడు గాని, కళ్లు ముద్ద వెంటే వెళుతున్నాయి. ఈ ప్రయాణంలో నాకు దొరికిన అతి రుచికరమైన పదార్థం అదే, ఆ చూపు. ఆ రాత్రి నిద్రపోయాను. చెయ్యి విదిలించుకుంటూ లేవకుండా తెల్లవారింది.

తిరుగు దారి

రెండు రోజులాగి బయలుదేరాం. మళ్లీ వెనక సీటే. కట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. దీనివల్ల పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటాక ఒక చిక్కు వచ్చిపడింది. వెనక వస్తున్న ఆటోవాడు మేం మలుపు తిరుగుతున్నామనుకుని హారన్ కొట్టాడు. ఇంకొంత దూరం పోయాక ఎదురుగా వచ్చే బస్సు స్టాపు కానిచోట ఆగింది.

“ఎక్కుతవా లేదా?” అని డ్రైవరు అరిచాడు.

“ఎక్కడు! దేవునికి మొక్కుతుండు, నువ్ నడువ్!” అని యాదగిరి తిరిగి అరిచాడు.

ఇస్నాపూర్‌లో రుక్కమ్మ కొట్టు దగ్గర ఆగాం. కడుపులో మూడు రోజులుగా దాచుకున్నది అడిగేశాను.

“సేఠ్ పని ఒప్పుకున్నావా?”

“ఒప్పుకున్న. నిన్న ఫోన్ జేసిన.”

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

“గట్ల జూడకన్నా. నేను కాదంటే ఇంకోన్ని వెడ్తడు. గా ఇంకోడు రెండు నెలలైనంక లేస్తడా? నాకు రెండో షిఫ్టే ఉన్నది, పొద్దుగాల ఖాళీ. పాలు మంజుల చిన్నాయన కొడుకు దెస్తడు. నీ చెయ్యి మంచిగయ్యేదాంక నీ బండి నేను నడుపుత. పైసలు నీ ఇంటికే.”

“చెయ్యి బాగవకపోతే?”

అతను నా కట్టు వైపు చూశాడు. డాక్టరమ్మ మాట అతనూ విన్నాడని అప్పుడు అర్థమైంది.

“అప్పుడు జూద్దాం,” అన్నాడు.

సేఠ్‌తో చూస్తానన్న మాటకు ఇది అన్నగారు. మూడు రోజులు దాని మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు దాని బరువు తెలిసింది. కృతజ్ఞత రావాల్సినచోట మళ్లీ అసూయే వచ్చింది. చెయ్యి బాగుండటమే కాదు, అలా మాట్లాడగలగడం కూడా అతనికే దక్కింది.

అంతలో ఒడిశా నుంచి వచ్చిన ఒకతను, పేరు సుదామ, బండి ఆపి మా దగ్గరికి వచ్చాడు. మందుల కంపెనీలో పని, మిగతా వేళల్లో ఇంటింటికీ సామాను చేరవేస్తాడు. రాత్రి చెయ్యి నిద్రపోతుందని, తను మాత్రం నిద్రపోలేడని హిందీలో చెప్పాడు. యాదగిరి లేవబోయి ఆగాడు.

“అన్నా, నువ్వు సెప్పు. నువ్వు సదివినవ్ గద.”

సుదామకు చెప్పడం మొదలుపెట్టాను. వేళ్ల వెనకవైపులు కలపాలి, మణికట్లు వంచాలి. అతనికి అర్థం కాలేదు, మామూలు నమస్కారం పెట్టాడు. చేసి చూపించాలి. నా కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచెయ్యి వేళ్లు కిందికి వేలాడేసి గాలిలో పెట్టాను. ఒంటి చెయ్యి నమస్తే కాదు, ముష్టి ఎత్తుతున్నట్టు ఉంది.

యాదగిరి పక్కకు జరిగి తన కుడిచెయ్యి వెనకవైపు నా ఎడమచేతి వెనకవైపుకు ఆనించాడు. ఇద్దరం మణికట్లు వంచాం. అతని చెయ్యి వెచ్చగా, కొంచెం పాలవాసనతో ఉంది. అలా నిలబడ్డాం. సుదామ మమ్మల్ని చూసి అలాగే పట్టాడు. రుక్కమ్మ లెక్క మొదలుపెట్టింది. ఆమె లెక్క పూర్తికాకముందే సుదామ ముఖం మారింది.

“ఝన్‌ఝన్ కర్ రహా హై,” అన్నాడు, తిమ్మిరెక్కుతోందని.

“చదువుతూ కూర్చోకు. వెళ్లు. ఈ వారమే వెళ్లు,” అన్నాను. నాకొచ్చిన హిందీలో రెండుసార్లు చెప్పాను.

దీని పేరేమిటని సుదామ అడిగాడు. నేను యాదగిరి వైపు చూశాను. అతను టీ తాగుతున్నాడు, గ్లాసు అడుగు దాకా. రుక్కమ్మ మాత్రం ఆలస్యం చేయలేదు.

“యాదగిరి నమస్తే,” అంది.

కృతజ్ఞతలు

కుట్లు విప్పారు. రాత్రుళ్లు నిద్ర పడుతోంది. పై గుండీ ఒక్కటి పెట్టుకోగలుగుతున్నాను, మిగతావి ఇంకా వసంతవే. బండి సంగతి తెలియదు. కలానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇది రాస్తున్నాను. పిడికి పనికిరానిది కలానికి పనికొచ్చింది.

వసంతకు, గుండీలకు. అత్తగారు నర్సమ్మగారికి, ముద్దకు, అందులోని కారానికి. డాక్టరమ్మకు, ఆమె అడిగిన ప్రశ్నకు. నా నుదురు మీద చెయ్యి వేసిన నర్సుకు. పుస్తకం వద్దన్నా ఆశ్చర్యపోని ఇందిరగారికి. రుక్కమ్మకు, తిరుగు దారిలో టీ డబ్బులు తీసుకోనందుకు. ఆపరేషన్‌కు రోజు తీసుకున్నానని ఫోను చేసిన సుదామకు. పాలక్యాన్లు ఎత్తుకున్న మంజులకూ ఆమె తమ్ముడికీ. యాదగిరికి, అరువిచ్చిన చేతికి. నా బండి ఇప్పుడు అతని కింద పాతికేళ్ల పడుచులా పరుగెడుతోందని గిరాకీలు ఫోను చేసి మరీ చెబుతున్నారు. ఆ ఫోన్లకు మాత్రం కృతజ్ఞత లేదు.

ఇది చదువుతున్నవారిలో రాత్రి చెయ్యి విదిలించుకుంటూ లేచేవారుంటే, వారికి ముందుగానే కృతజ్ఞతలు. పుస్తకం మూసి బయలుదేరండి. నాకంటే ముందు వెళ్లండి, నాకంటే బాగా బాగుపడండి. మీ మీద కూడా అసూయపడటానికి నాకు ఓపిక ఉంది.